గుంటూరులో అద్దె ఇల్లు: కొనేముందు వేసే లెక్క నుంచి తాళంచెవి తిరిగి తీసుకునే రోజు వరకు

అద్దెకు ఇవ్వడానికి ఇల్లు కొందామనుకునేవారు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "నెలకు ఎంత వస్తుంది?" నేను ఎదురు అడిగేదీ ఒకటే: "ఏడాదిలో ఎన్ని నెలలు ఖాళీగా ఉంటుంది?" గుంటూరులో మా ఇంటి పై అంతస్తులో రెండు పోర్షన్లు, పట్టాభిపురంలో ఒక చిన్న ఫ్లాటు ఇరవై ఏళ్లుగా అద్దెకు ఇస్తున్నాను. అద్దె ఐదు వందలు తక్కువ కావడం వల్ల నేను ఎప్పుడూ నష్టపోలేదు. ఇల్లు ఖాళీగా పడి ఉన్న నెలల వల్ల, సమయానికి చేయించని మరమ్మతుల వల్ల నష్టపోయాను. కింద చెప్పిన ప్రతి మెట్టు వెనుకా ఆ లెక్కే ఉంది.

1. కొనేముందు: పన్నెండుతో కాదు, పదకొండుతో గుణించండి

ఒక ఉదాహరణ చూద్దాం. 50 లక్షలకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కొన్నారనుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం. అంటే 7.5 శాతం, 3.75 లక్షలు. రంగులు, గ్రిల్స్, ఫ్యాన్లు, గీజరు అమర్చేసరికి మరో లక్షా పాతిక వేలు. చేతి నుంచి వెళ్లింది 55 లక్షలు.

అద్దె నెలకు 14,000 అనుకుందాం. పదకొండు నెలలకే లెక్క వేయండి, ఒక నెల ఖాళీకి వదిలేయండి. వచ్చేది 1,54,000. అందులో ఇంటిపన్ను 6,000, చిల్లర మరమ్మతులు 12,000, నాలుగైదేళ్లకు ఒకసారి వేయించే రంగుల కోసం ఏటా పక్కన పెట్టేది 8,000. మిగిలేది 1,28,000. పెట్టిన డబ్బు మీద ఇది 2.3 శాతం. బ్యాంకు డిపాజిట్ మీద ఇంతకంటే ఎక్కువ వడ్డీ వస్తుంది.

"అద్దెతోనే బ్యాంకు వాయిదా కట్టేయవచ్చు" అని చెప్పే మధ్యవర్తిని నమ్మకండి. 40 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు అయితే నెల వాయిదా సుమారు 34,700. అద్దె పోగా 20,000 పైన ప్రతి నెలా మీ జీతం నుంచే కట్టాలి. స్థలం విలువ పెరుగుతుందనే నమ్మకంతో కొనేవారు కొనవచ్చు. కానీ అది వేరే పందెం, అద్దె ఆదాయం కాదు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటైతే జీఎస్టీ అదనం, పూర్తయ్యేదాకా అద్దె ఉండదు.

సొంత ఇల్లు ఉన్నవారికి నా సలహా వేరు. ఉన్న ఇంటిపై ఒక పోర్షన్ వేయండి. స్థలం ఖర్చు ఉండదు. వెయ్యి చదరపు అడుగులకు 20 లక్షలు అయ్యి, నెలకు 10,000 అద్దె వస్తే, ఖర్చులు 15,000 తీసేసినా ఏడాదికి 95,000 మిగులుతుంది. అంటే 4.75 శాతం, ఫ్లాటు మీద వచ్చేదానికి రెట్టింపు. పైగా ఇల్లు మీ కళ్ల ముందే ఉంటుంది. అయితే మేస్త్రి మాట మీద శ్లాబు వేయకండి. గుంటూరు చుట్టుపక్కల చాలాచోట్ల నల్లరేగడి నేల. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది, గోడలు పగులుతాయి. పునాది రెండో అంతస్తు బరువు మోస్తుందా లేదా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాలి. నగరపాలక సంస్థ ప్లాను అనుమతి కూడా చేతిలో ఉండాలి.

2. కాగితాలు

ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు దస్తావేజులు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు), ఆమోదం పొందిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంటిపన్ను రసీదు. ఈ ఐదూ లేకుండా బయానా ఇవ్వకండి. స్థలం 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో చూసుకోండి. ఫ్లాటైతే స్థలంలో మీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలో దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. ప్లానులో లేని పెంట్‌హౌస్‌ను "తక్కువకు వస్తోంది, అద్దె బాగుంటుంది" అని చూపిస్తారు. వద్దు. దానికి బ్యాంకు అప్పు దొరకదు, ఇంటిపన్ను జరిమానాతో కలిపి వస్తుంది, కూల్చివేత నోటీసు భయం ఎప్పటికీ పోదు.

3. చోటు: నీటిని చూసి నిర్ణయించండి

నీరు అంటే రెండు రకాలు, తాగే నీరు, ముంచే నీరు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అక్కడ ఇల్లు కొనకూడదని నేను అనను. లక్షలమంది బతుకుతున్న చోటు అది, అద్దె ఇళ్లకు గిరాకీ ఉన్న చోటు కూడా. కానీ కొనే ముందు పక్కింటి గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూడండి. ఎదురింటి పెద్దవాళ్లను అడగండి, వాళ్లు నిజం చెబుతారు. గ్రౌండ్ ఫ్లోరు తీసుకుంటే మీటరు బోర్డు, మోటారు స్టార్టరు, ప్లగ్ పాయింట్లు ఆ మరకకు పైన అమర్చండి. భవనానికి బీమా తీసుకోండి. మీ బీమా మీ గోడలకే వర్తిస్తుందని, అద్దెకున్నవారి ఫ్రిజ్, మంచాలు అందులో రావని వారికి ముందే చెప్పండి. వరద వచ్చాక చెబితే అది మోసంలా వినిపిస్తుంది.

గుంటూరులో వేరే సమస్య. చాలా వీధుల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కుళాయిలు తెల్లగా పట్టేస్తాయి, గీజరు కాయిల్ కాలిపోతుంది. మున్సిపల్ కుళాయి కనెక్షన్ ఉందా, నీళ్లు ఏ వేళకు ఎంతసేపు వస్తాయి, సంపు ఎన్ని లీటర్లది అని తెలుసుకోండి. ఇల్లు చూడటానికి వచ్చే గృహిణి వంటింటి కన్నా ముందు అడిగే ప్రశ్న అదే.

ఇక గిరాకీ. జనరల్ ఆసుపత్రి, మెడికల్ కాలేజీ దగ్గర హౌస్ సర్జన్లు, నర్సులు ఏడాది పొడవునా ఇళ్లు వెతుకుతుంటారు. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురంలో చదువుల కోసం వచ్చే కుటుంబాలు ఎక్కువ. మంగళగిరి వైపు ఎయిమ్స్, వడ్డేశ్వరం, నంబూరు వైపు విశ్వవిద్యాలయాలు, కాలేజీలు. అమరావతి పేరు చెప్పి పొలాల మధ్య ఫ్లాట్లు చూపిస్తే ఒక సాయంత్రం ఏడింటికి అక్కడికి వెళ్లి ఎన్ని కిటికీల్లో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. అద్దెకు వచ్చేవారు ఉన్నారో లేరో ఆ దీపాలే చెబుతాయి.

4. టు-లెట్ బోర్డు పెట్టకముందు

ముందుగా ప్రతి పోర్షన్‌కు వేరే కరెంటు మీటరు తీసుకోండి. ఇంత చిన్న పనిని చాలామంది వదిలేస్తారు. మన కరెంటు శ్లాబుల్లో మొదటి యూనిట్లకు రెండు రూపాయల లోపు, 400 దాటితే తొమ్మిది రూపాయల పైన. రెండు కుటుంబాలు చెరో 200 యూనిట్లు వాడితే, వేర్వేరు మీటర్లకు వచ్చే మొత్తం కన్నా ఒకే మీటరు మీద యూనిట్ ఛార్జీలే నెలకు సుమారు 800 ఎక్కువ అవుతాయి. ఆ 800 ఎవరు కట్టాలన్న గొడవ మొదలైతే ఆరు నెలల్లో ఎవరో ఒకరు ఖాళీ చేస్తారు. ఉమ్మడి మోటారుకు, మెట్ల దీపాలకు ఇంకో మీటరు ఉంటే మరీ మంచిది.

పై అంతస్తు అయితే డాబా మీద తెల్లని కూల్ పెయింట్ వేయించండి. మే నెలలో గుంటూరు ఎండ ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. మా పై పోర్షన్లో వరసగా ఇద్దరు మే నెలలోనే ఖాళీ చేశారు. మొదటివారు పిల్లల చదువని, రెండోవారు బదిలీ అని చెప్పారు. వేడి అని ఎవరూ చెప్పలేదు. డాబాకు తెల్ల పూత వేయించి, నీళ్ల ట్యాంకుకు నీడ కట్టించాక వచ్చిన కుటుంబం ఐదేళ్లు ఉంది.

రంగులు లేత రంగులే వేయించండి. వంటింట్లో చిమ్నీకి, హాల్లో ఏసీకి పాయింట్లు ముందే ఇవ్వండి. లేకపోతే వచ్చిన ప్రతి కుటుంబమూ గోడకు కొత్త రంధ్రం పెడుతుంది. దోమల తెరలు తప్పనిసరి.

5. ఎప్పుడు ఖాళీ అవ్వాలో మీరే నిర్ణయించుకోండి

ఆషాఢంలో మనవాళ్లు పాలు పొంగించరు. భాద్రపదం, పుష్యం కూడా అంతే, మూఢం వస్తే మరో వాయిదా. ఇల్లు జూన్ చివర ఖాళీ అయితే శ్రావణం దాకా తాళం వేసి కూర్చోవాల్సిందే. స్కూళ్లు తెరిచాక పిల్లలున్న కుటుంబాలు కదలవు. అందుకని ఒప్పందం గడువు ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో ముగిసేలా చూసుకోండి. మధ్యలో ఎవరైనా చేరితే మొదటి ఒప్పందాన్ని ఏడెనిమిది నెలలకే రాసుకుని ఏప్రిల్‌కు తెచ్చుకోవచ్చు.

అద్దె ఎంత చెప్పాలో తెలియాలంటే మీ వీధిలోనే నాలుగు టు-లెట్ బోర్డులకు ఫోన్ చేయండి. వాళ్లు చెప్పే అంకె కాదు, ఆ బోర్డు ఎన్నాళ్లుగా వేలాడుతోందో ముఖ్యం. 14,000 కోసం రెండు నెలలు ఆగితే 28,000 పోయినట్టే. 13,000కు రేపే ఇస్తే ఏడాదికి పోయేది 12,000.

6. ఎవరికి ఇవ్వాలి

ఉద్యోగం, జీతం, ఇంతకుముందు ఎక్కడ ఉన్నారు, ఎందుకు ఖాళీ చేస్తున్నారు. ఈ నాలుగూ అడగండి. పాత ఇంటి యజమానికి ఫోన్ చేసి ఒకే ప్రశ్న వేయండి: "మళ్లీ మీ ఇల్లు వారికి ఇస్తారా?" సమాధానం వచ్చేముందు ఎంతసేపు ఆగారో గమనించండి. అద్దె వారి ఆదాయంలో మూడో వంతు దాటకుండా ఉంటే వారికీ ఇబ్బంది ఉండదు, మీకూ ఉండదు.

కులం అడగకండి. మన ఊళ్లో ఇల్లు చూడటానికి వచ్చినవారిని ఇంటిపేరు అడిగి, తర్వాత "మాట్లాడుకుని చెబుతాం" అని పంపేయడం మామూలైపోయింది. ఎదుటి మనిషికి అది ఎంత గుచ్చుకుంటుందో మెట్లు దిగుతున్న వారి ముఖం చూస్తే తెలుస్తుంది. ఇరవై ఏళ్లలో నాకు అద్దె ఎగ్గొట్టినవారిని, గోడలు పాడుచేసినవారిని గుర్తు చేసుకుంటే వారి మధ్య ఉన్న ఏకైక పోలిక నేను పాత యజమానికి ఫోన్ చేయకపోవడమే. ఒంటరి మహిళలకు, ఉద్యోగం చేసుకునే కుర్రవాళ్లకు, భర్త లేక పిల్లలతో ఉన్న తల్లికి ఇవ్వడానికి భయపడకండి. అందరిచేతా తిరస్కరణకు గురై వచ్చినవారు ఇంటిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో నేను చూశాను.

కుటుంబ పెద్ద ఆధార్, పాన్ నకళ్లు, ఆఫీసు గుర్తింపు కార్డు నకలు, ఇద్దరు బంధువుల ఫోన్ నంబర్లు తీసుకోండి. అద్దెదారుల వివరాలు పోలీసు స్టేషన్లో ఇస్తే మీకే భద్రత.

7. కరారు రాయడం

అద్దె ఒప్పందాలు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని చాలామందికి సందేహం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలలైతే ఆ కేంద్ర చట్టంలో నిర్బంధం లేదు, కానీ మన రాష్ట్రం 1999లో చేసిన సవరణ ప్రకారం ఇక్కడ ఎంత గడువు లీజునైనా రిజిస్టరు చేయించాలి. నోటరీ సంతకం రిజిస్ట్రేషన్‌కు సమానం కాదని గుర్తుంచుకోండి. మూడేళ్లకు రాసి నోటరీతో సరిపెట్టుకుంటే ఆ మూడేళ్ల షరతు కోర్టులో నిలబడదు. దుకాణానికి దీర్ఘకాలం ఇస్తే రిజిస్ట్రేషన్ అసలే మానకండి.

కాగితంలో తప్పక ఉండాల్సినవి చెబుతాను. అద్దె, ఎన్నో తారీఖులోపు, ఏ ఖాతాకు. మెయింటెనెన్సు ఎవరిది. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంటోంది. నేనూ రెండు నెలలే తీసుకుంటాను. పొడిగిస్తే అద్దె ఎంత శాతం పెరుగుతుంది. నేను 5 అని రాస్తాను, మంచివారుంటే కొన్నేళ్లు పెంచను. రెండు వైపులా ఒక నెల నోటీసు. ఎంతమంది ఉంటారు. ఏ మరమ్మతు ఎవరిది: గోడలు, పైపులు, వైరింగ్, మోటారు యజమానివి, బల్బులు, కుళాయి వాషర్లు అద్దెదారువి.

రంగుల ఖర్చు దగ్గరే ఎక్కువ మనస్పర్థలు వస్తాయి. ఒక నెల అద్దె రంగులకు పట్టుకోవడం వాడుక. మూడేళ్లు ఉన్న కుటుంబం నుంచి కూడా పట్టుకోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఏడాది లోపు వెళ్లిపోతేనే అని రాయండి.

గుంటూరుకే ప్రత్యేకమైన ఒక షరతు కూడా ఉంది: ఇంట్లో మిర్చి బస్తాలు నిల్వ చేయకూడదని రాయించండి. యార్డు సీజనులో "నాలుగు రోజులే" అని తెచ్చిపెడతారు. ఆ ఘాటు పక్క పోర్షన్ పసిపిల్లల గొంతులోకి వెళుతుంది, గోడలకు పట్టి నెలల తరబడి వదలదు.

8. చేరిన రోజు

సామాను దిగకముందే ప్రతి గదిని ఫోన్లో వీడియో తీసి వారికి వాట్సాప్‌లో పంపండి. కరెంటు మీటరు రీడింగు ఫొటో తీయండి. ఫ్యాన్లు, లైట్లు, గీజరు, తాళంచెవులు ఎన్నో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. పావుగంట పని. రెండేళ్ల తర్వాత "ఈ పగులు అప్పుడే ఉంది" అన్న వాదన ఇక రాదు.

9. వారు ఉన్నంత కాలం

"బాబాయి గారూ, మోటారు ఆన్ కావడం లేదండీ" అని ఫోన్ వస్తే ఆ రోజే మనిషిని పంపండి. నీళ్లు లేని ఇంట్లో ఒక పూట గడపడం ఎంత కష్టమో ఆలోచించండి. ప్లంబరు, ఎలక్ట్రీషియన్ల నంబర్లు అద్దెదారుకు కూడా ఇచ్చి, వెయ్యి రూపాయల లోపు పనిని వారే చేయించి అద్దెలో తగ్గించుకోమని చెప్పండి. శ్లాబు చెమ్మను మాత్రం ఎప్పుడూ వాయిదా వేయకండి. ఒక వానాకాలం ఆగుదామనుకున్నాను. మూడు వేల రూపాయల పని ఊచలు తుప్పుపట్టి పెచ్చులూడేసరికి నలభై వేలయింది.

చెప్పకుండా లోపలికి వెళ్లకండి. ఇల్లు మీదే, కానీ ఇప్పుడు ఆ గడప వారిది. బంధువులు వచ్చారని, నీళ్లు ఎక్కువ వాడారని లెక్కలు తీయకండి.

ఇంకొకటి ఉంది, ఏ ఒప్పందంలోనూ రాయనిది. అద్దెకున్నవారి ఇంట్లో ఎవరైనా చనిపోతే శవాన్ని వాకిట్లోకి రానివ్వని యజమానులు మన ఊళ్లలో ఉన్నారు. ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి తీసుకువెళ్లిన కుటుంబాలను చూశాను. కన్నతండ్రిని ఒక్క గంట ఇంటి ముందు పడుకోబెట్టుకోలేని ఆ బాధ జీవితాంతం పోదు. మా ఇంట్లో అద్దెకున్న ఒక పెద్దాయన పోయినప్పుడు ఆ కొడుకు నా దగ్గరకు వచ్చి నోరు తెరవలేక నిలబడ్డాడు. వరండాలో పడుకోబెట్టమని చెప్పాం, పదకొండు రోజుల కర్మలూ అక్కడే జరిగాయి. ఇల్లు అద్దెకు ఇవ్వాలనుకునేవారు ఈ విషయంలో ఏం చేస్తారో ఇంట్లో అందరూ కూర్చుని ముందే నిర్ణయించుకోండి. ఆ రోజు వచ్చాక తడబడకూడదు.

10. పన్నులు

ఇంటిపన్ను ఏడాదికంతా ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం రాయితీ ఉంటుంది. 2021 నుంచి మన పట్టణాల్లో ఇంటిపన్ను ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. ఏటా 15 శాతం దాకా పెరగవచ్చు కాబట్టి పాత రసీదు చూసి బడ్జెట్ వేసుకోకండి.

ఆదాయపు పన్నులో అద్దెకు మంచి మినహాయింపే ఉంది. పై ఉదాహరణే తీసుకుంటే 1,54,000లోంచి మీరు ఆ ఏడాది కట్టిన ఇంటిపన్ను 6,000 పోతుంది. మిగిలిన 1,48,000లో 30 శాతం, అంటే 44,400, మరమ్మతుల పేరిట బిల్లులేవీ చూపకుండానే పోతుంది. పన్ను లెక్కకు వచ్చేది 1,03,600. ఇంటి అప్పు వడ్డీ ఉంటే అదీ తీసేయవచ్చు. అయితే కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారు వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని జీతంలో సర్దుకోలేరు.

ఏడాది అద్దె లక్ష దాటితే ఇంటి అద్దె భత్యం కోసం ఉద్యోగి మీ పాన్ ఇవ్వాలి. ఇవ్వనని మొండికేయకండి, అది వారి హక్కుగా వచ్చే మినహాయింపు. నెల అద్దె 50,000 దాటితే అద్దెదారే 2 శాతం టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే పట్టే పన్ను) మినహాయించి కట్టాలి. ఫ్లాటు అమెరికాలో ఉన్న అబ్బాయి పేర ఉంటే నియమం వేరు. అద్దె ఎంత చిన్నదైనా అద్దెదారు 30 శాతం, దానిపై సెస్సు కలిపి టీడీఎస్ పట్టాలి. తల్లిదండ్రుల ఖాతాలో అద్దె వేయించుకుని ఇది మరిచిపోయిన కుటుంబాలు గుంటూరు, విజయవాడల్లో చాలా ఉన్నాయి. ఆడిటరును కలిసి సరిచేసుకోండి. మామూలు కుటుంబానికి నివాసానికి ఇచ్చే ఇంటి అద్దెపై జీఎస్టీ లేదు.

11. అద్దె ఆగితే, ఖాళీ చేయకపోతే

మొదటి నెల ఆగినప్పుడే వెళ్లి కూర్చుని మాట్లాడండి. ఉద్యోగం పోయిందా, ఆసుపత్రి ఖర్చా తెలుసుకోండి. నిజమైన కష్టమైతే వాయిదాలు వేసుకుని వాట్సాప్‌లో రాసుకోండి. రెండో నెలా ఆగితే అడ్వాన్సు కరిగిపోకముందే నోటీసు ఇవ్వండి. నెలవారీ అద్దెకు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు కావాలి, ఒప్పందంలో నెల అని రాసుకుంటే నెల. రిజిస్ట్రేషన్ చేసిన స్పీడ్ పోస్టులో, న్యాయవాది ద్వారా పంపండి.

కోపంలో కరెంటు పీకేయడం, నీళ్లు ఆపడం, తాళం మార్చడం చేయకండి. అవి చట్టవిరుద్ధం. న్యాయం మీ వైపున్న కేసు ఒక్క రోజులో తలకిందులవుతుంది.

"పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వారిదైపోతుంది" అనే భయంతో మంచి కుటుంబాలను ఖాళీ చేయించేవారున్నారు. అద్దెదారుగా అడుగుపెట్టిన మనిషి అద్దెకు ఉన్నంతకాలం యజమాని హక్కును కాదనలేడు, సాక్ష్య చట్టం అందుకు ఒప్పుకోదు. ఒప్పందాలు కొత్తగా రాసుకుంటూ, అద్దె బ్యాంకు ద్వారా తీసుకుంటూ ఉండండి. అద్దె హక్కు రద్దు చేశాక మాత్రం ఏళ్ల తరబడి ఊరకే వదిలేయకండి.

12. వెళ్లే రోజు

చేరిన రోజు తీసిన వీడియో పట్టుకుని గదులన్నీ ఇద్దరూ కలిసి చూడండి. మేకుల రంధ్రాలు, వెలిసిన రంగు వాడకంలో సహజం, వాటికి డబ్బు పట్టుకోకండి. విరిగిన తలుపు, పగిలిన వాష్‌బేసిన్ ఖర్చు అడగండి, బిల్లు చూపించండి. ఆఖరి కరెంటు రీడింగు తీసి బిల్లు తేల్చండి. మిగిలిన అడ్వాన్సు తాళంచెవి చేతికి వచ్చిన రోజే వారి ఖాతాకు పంపండి. వారు ఆ డబ్బే కొత్త ఇంటికి అడ్వాన్సుగా కట్టాల్సి ఉంటుంది, సామాను లారీ కింద ఎదురుచూస్తూ ఉంటుంది.